ముక్కోణం పఫ్‌లో పైనాపిల్

ఇప్పుడు మీరు చదవబోయేది ఒక మహా సంగ్రామ గాథ. ఇందులో అగ్ని ఉంది, ఆయుధాలున్నాయి, రెండు కుటుంబాల పరువుంది, ఒక వృద్ధమాత పెట్టిన ధర్మపరీక్ష ఉంది.

ఇలా మొదలుపెడితే చదువుతారని మొదలుపెట్టాను. అగ్ని అంటే నాచారంలో ఒక బేకరీ భట్టీ. ఆయుధాలంటే పిండి పరిచే ఒక బేలన్ కర్ర, రెండు బ్రష్షులు. మిగతాదంతా పఫ్‌ల గురించి. ఇక్కడిదాకా వచ్చారు కాబట్టి మిగతాది కూడా చదివేయండి. పఫ్ చల్లారాక తింటే బాగుండదు, ఈ కథ కూడా అంతే.

ఉద్యోగ జ్ఞాపకాలు రాయాలంటే తల నెరవాలి, మోకాళ్లు నొప్పి పెట్టాలి, పెన్షన్ ఆఫీసు చుట్టూ తిరిగి ఉండాలి. నాకు ఈ మూడింటిలో ఒక్క అర్హతా లేదు. ముప్పై నిండకముందే బేకరీ వృత్తి నుంచి రిటైరయ్యాను. మైదాపిండి పడక తుమ్ములు పట్టుకున్నాయి. "బేకరీ ముందు నిలబడి తింటే ఏం కాదు, వెనక నిలబడి పనిచేస్తేనే కష్టం" అని డాక్టరు నన్ను రిటైర్ చేశాడు. శాలువా కప్పలేదు. బేకరీలో ప్యాకింగ్ చేసే అక్క ఒక కొబ్బరి దిల్‌పసంద్ కట్టి ఇచ్చింది, దారిలో తినేశాను. అంచేత ఉద్యోగాల వేటలో ఉన్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఒక విశ్రాంత ఉద్యోగి అనుభవసారం వినండి. సారం పెద్దగా లేదు. అనుభవం ఉంది.

తెలంగాణ రావడానికి రెండు మూడేళ్ల ముందు మాట. నేను డిగ్రీ పూర్తి చేసి గవర్నమెంటు నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తున్నాను. ఎదురుచూడటం కూర్చుని చేసినా ఒకటే, నిలబడి చేసినా ఒకటే కాబట్టి నాచారం బస్‌స్టాప్ దగ్గరి బేకరీలో కౌంటర్ వెనక నిలబడ్డాను. అక్కడ మేం నలుగురం.

ఓనర్‌ది గుంటూరు వైపు. మేం సేటు అనేవాళ్లం, అది ఆయనకు నచ్చేది కాదు. "సేటేమిట్రా, నేనేమన్నా వడ్డీ వ్యాపారం చేస్తున్నానా" అనేవాడు. కానీ ఎవరైనా సేటు అని పిలవకపోతే వెనక్కి తిరిగేవాడు కాదు. భట్టీ దగ్గర మాస్టర్. జనగామ వైపు ఊరు, ఆదివారం చర్చికి తెల్లచొక్కా, మిగతా ఆరు రోజులూ మైదా కొట్టుకున్న బనియను. ఆయనకు రెండింటి మీద అపారమైన నమ్మకం ఉండేది. ఒకటి ప్రభువు, రెండోది తన చేతి మడత. పఫ్ పిండిని పరిచి, డాల్డా పూసి, మడిచి, మళ్లీ పరిచి, మళ్లీ మడిచే పనిలో తనంతటివాడు హైదరాబాద్‌లో లేడని ఆయనే చెప్పేవాడు. వేరేవాళ్లు చెప్పే అవకాశం ఇచ్చేవాడు కాదు. ప్యాకింగ్ దగ్గర అక్క. అట్టపెట్టెకు దారం చుట్టి ముడి వేస్తూనే నలుగురి మాటలూ వినగలదు, నలుగురికీ జవాబు చెప్పగలదు.

ఆ రోజుల్లో ప్రతి టీ గ్లాసు దగ్గరా రాష్ట్రం ఒకసారి విడిపోయేది. "మా తెలంగాణ మాకొస్తే మీ దుకాణం ఏడికి పోతది సేటూ?" అని మాస్టర్ అడిగేవాడు. "ఎక్కడికీ పోదు, నువ్వు పోతావు" అని సేటు అనేవాడు. టీ అయిపోయాక ఇద్దరూ కలిసి భట్టీలో కట్టెలు సర్దేవాళ్లు. నేనెరిగినంతలో దేశంలో ఇంత తక్కువ ఖర్చుతో జరిగిన చర్చలు వేరే లేవు.

అయితే దుకాణం నిజంగానే పోయేలా ఉండింది. దానికి కారణం రాష్ట్రం కాదు, బామ్మర్ది. సేటు బామ్మర్ది సెల్‌ఫోన్ రీచార్జ్ షాపు పెట్టాలనుకున్నాడు. బేకరీ అంటే పొగ, పిండి, ఈగలు. రీచార్జ్ అంటే ఒక స్టూలు, ఒక ఫ్యాను. సేటు ఇంట్లో ఈ తేడా గురించి రోజూ ఉపన్యాసం జరిగేదట. చివరికి సేటు మాతో తేల్చి చెప్పాడు:

"చూడండమ్మా, ఒక నెల చూస్తాను. ఏదన్నా పెద్ద ఆర్డర్ పడితే సరే. లేకపోతే షటర్ మావాడికి ఇచ్చేస్తా. మళ్లీ నన్ననుకోవద్దు."

నాకు పోయేది లేదు, ఎదురుచూపుకు ఇంకో చోటు వెతుక్కుంటాను. అక్క ముడి వేయడం ఆపి, మళ్లీ వేసింది. మాస్టర్ మాత్రం భట్టీ వైపు చూశాడు. అప్పటికే అన్ని బేకరీల్లోకి కరెంటు ఓవెన్లు వచ్చేశాయి. కట్టెల భట్టీ మాస్టర్‌ని ఆ వయసులో పనిలో పెట్టుకునేవాడు ఎవడూ లేడు. ఆయన కూడా ఓవెన్ మీటలు తిప్పే రకం కాదు. "మీట దిప్పుడు వంటనా? గది రేడియో" అనేవాడు. కాబట్టి ఆ నెలలో నిజంగా ఊగిసలాడింది ఆయన బతుకు. ఆయన మాత్రం బేకరీ కళ ఊగిసలాడుతోందని ప్రకటించాడు. మైదా నాకు పడనట్టే వినయం ఆయనకు పడదు.

అలాంటి సమయంలో క్యాటరింగాయన దిగాడు. ఉప్పల్ చుట్టుపక్కల ఫంక్షన్ హాళ్లన్నీ ఆయన చేతిలో ఉన్నాయని చెప్పుకునేవాడు. చెవిలో ఎప్పుడూ ఫోను తాలూకు వైరు. మనతో మాట్లాడుతున్నాడో ఫోన్లో మాట్లాడుతున్నాడో తేల్చుకోవడానికి ముందు ఒకటి రెండు జవాబులు వృథా చేసుకోవాలి.

"అన్నా, ఎపిటైజర్లు గావాలె" అన్నాడు.

సేటు నా వైపు చూశాడు, డిగ్రీ చదివినవాణ్ని కదా. "స్టార్టర్లు సార్. భోజనానికి ముందు ఆకలి పుట్టించేవి" అన్నాను.

"ఆకలి బుట్టియ్యనీకి తిండి ఎందుకు?" అన్నాడు మాస్టర్. "ఇండస్ట్రియల్ ఏరియల ఫస్ట్ షిఫ్ట్ జేస్తె అదే బుడ్తది."

"గట్ల గాదు మాస్టర్, పెద్దోళ్ల ఫంక్షను" అన్నాడు క్యాటరింగాయన. "నిశ్చితార్థం. ఏఎస్ రావు నగర్ పార్టీ. పిల్ల తండ్రి ఏదో పెద్ద హోటల్ల తిన్నడంట. పఫ్ లెక్కనే ఉండాలెనంట, గని చిన్నగ, ఒక్క నోటికి. లోపట పండుండాలె, చీజుండాలె. తియ్యటిదొకటి, కారందొకటి. ఇది గిన మంచిగయితె అన్నా, నా ఫంక్షన్లన్నింటికీ నువ్వే. రాసుకో."

సేటు రాసుకోలేదు కానీ లేచి నిలబడ్డాడు. వచ్చినవాళ్ల కోసం ఆయన లేచి నిలబడటం నేను అంతకుముందు ఒక్కసారే చూశాను, మునిసిపాలిటీవాళ్లు వచ్చినప్పుడు.

"ఇంకొక్క మాట" అన్నాడు క్యాటరింగాయన గుమ్మం దాటబోతూ. "ప్యూర్ వెజ్. ఉల్లి లేదు, ఎల్లిపాయ లేదు, గుడ్డు వాసన గిట్ల తగలొద్దు."

మాస్టర్ ముఖం మాడిపోయింది. ఇక్కడ మీకు వృత్తి రహస్యం ఒకటి చెప్పాలి. పఫ్ మీద ఆ బంగారు మెరుపు ఊరికే రాదు, గిలకొట్టిన గుడ్డు సొన పూస్తేనే వస్తుంది. కర్రీ పఫ్‌కైనా సరే. శనివారం ఒంటిపొద్దని ఒక్క కర్రీ పఫ్‌తో సరిపెట్టుకునే భక్తులు మా బేకరీకి చాలామంది ఉండేవాళ్లు. వాళ్ల భక్తికి లోపం లేదు, మా మెరుపుకూ లోపం లేదు. వాళ్లు ఏనాడూ అడగలేదు.

"గుడ్డు బూయకుంటె పఫ్‌కు మొఖమే ఉండది సేటూ" అన్నాడు మాస్టర్.

"ముఖం లేకపోతే పౌడర్ పూయి" అన్నాడు సేటు. "షటర్ ఉండాలా వద్దా?"

ఆ వారమంతా ప్రయోగాలు జరిగాయి. సేటు కివీ పండు కావాలన్నాడు, టీవీలో చూశాడట. కివీ తెచ్చి కోసి చూస్తే లోపల ఆకుపచ్చగా ఉంది. "ఇది పండలేదు" అని మాస్టర్ పక్కన పెట్టేశాడు. ద్రాక్ష పెడితే భట్టీలో పగిలి, పఫ్ పక్కనుంచి రసం కారి, కొట్లాటలో దెబ్బ తగిలినట్టు కనిపించింది. బొప్పాయి పెడితే ఎటుపోయిందో తెలియలేదు. చివరికి పైనాపిల్ ముక్కల్ని చక్కెరలో దగ్గరికి ఉడికించి, పైన చీజ్ తురిమి మూస్తే అందరం ఒప్పుకున్నాం. తియ్యటిది కుదిరింది.

కారంది మాస్టర్ సొంత సృష్టి. దోరజామకాయ సన్నగా తరిగి, ఉప్పు, మిరపపొడి, కొంచెం జీలకర్ర, దాని మీద చీజ్. జామకాయకు ఉప్పూ కారం అద్దుకుని తినడం మనకు బళ్లో చదివినప్పటి నుంచీ తెలిసిందే. దాన్ని వేడి పఫ్‌లో పెట్టి, పైన చీజ్ కరిగితే ఏమవుతుందో ఎవరూ చూడలేదు. అక్క ఒకటి నోట్లో వేసుకుని కాసేపు ఏమీ మాట్లాడలేదు. అక్క మాట్లాడలేదంటే మా బేకరీలో అదే పెద్ద బహుమతి.

"ఎట్లున్నది?" అన్నాడు మాస్టర్.

"మీరు జేసినట్టు లేదు" అంది అక్క. "మంచిగున్నది."

ఇక ఆకారం. రెండు రకాలుంటే తినేవాడికి చూడగానే తేడా తెలియాలి. కారందాన్ని నలుపలకగా చేద్దామన్నాం, కర్రీ పఫ్‌లాగా. తియ్యటిదాన్ని?

"పొడుగ్గా చేద్దామా?" అన్నాడు సేటు.

"పొడుగంటె ఎగ్ పఫ్ అనుకుంటరు సేట్!" అని మాస్టర్, నేను, అక్క ఒకేసారి అరిచాం. ప్యూర్ వెజ్ ఫంక్షన్లో ఎగ్ పఫ్ ఆకారమా? ఎంత ప్రమాదం తప్పించామని మా తెలివికి మేమే మురిసిపోయాం. ఆ మురిపెంలోనే మాస్టర్ నలుపలక పిండిని మూల నుంచి మూలకు మడిచి, అంచులు నొక్కి చూపించాడు. ముక్కోణం. చిన్నగా, అందంగా, ఒక్క నోటికి సరిపోయేలా ఉంది. పిండి కూడా వృథా కాదు. అందరం భేష్ అన్నాం.

మీలో చురుకైనవాళ్లకు ఇప్పటికే అర్థమై ఉంటుంది. మాకు కాలేదు. మా దిక్కు బేకరీలన్నింటిలో పఫ్‌కు మాటలక్కర్లేని ఒక భాష ఉంది. నలుపలకదైతే కర్రీ, పొడుగుదైతే గుడ్డు, ముక్కోణమైతే చికెన్. కొనేవాడు అడగడు, చూపిస్తాడు. కానీ బర్డ్ ఫ్లూ అని పేపర్లో వచ్చినప్పటి నుంచి సేటు మా దగ్గర చికెన్ పఫ్ ఆపేయించాడు. చాలా నెలలుగా మా ట్రేల మీద ముక్కోణం అనేదే లేదు. మేం దాన్ని మరిచిపోయాం. ఉప్పల్ మరిచిపోలేదు.

ఫంక్షన్ రోజు తెల్లారేసరికి బేకరీ ఆశ్రమమైపోయింది. ట్రేలు బూడిదతో తోమి, వేడినీళ్లతో కడిగాం. కొత్త బ్రష్షులు తెప్పించాం. గుడ్ల అట్టలన్నీ పక్కింటి డాబా మీదికి ప్రవాసం పోయాయి. మాస్టర్ అలవాటు ప్రకారం డబ్బాలో కోడిగుడ్డు పులుసు తెచ్చుకుంటే అక్క గుమ్మంలోనే ఆపేసింది.

"గది లోపటికి తేవద్దు. బయట స్టూలేసుకొని తిను."

"నేను తింటె పఫ్‌కేమైతది? నా కడుపుల ఉంటది గదా."

"నీ చేతులకుంటది. తిన్నంక సబ్బుతోటి కడుక్కో. నేను వాసన జూస్త."

నిజంగానే వాసన చూసింది. నాకు తెలిసి ఆ భట్టీ పుట్టినప్పటి నుంచీ అంత పవిత్రమైన పిండివంట అందులో కాలలేదు. సొనకు బదులు పాలలో చక్కెర కలిపి పూశాడు మాస్టర్. మెరుపు కొంచెం తగ్గింది, ఆయనకు కళ్లలో నీళ్లొక్కటే తక్కువ. "పౌడర్ మొఖం" అని గొణుక్కుంటూనే ట్రేలు ట్రాలీ ఆటోలో ఎక్కించాడు.

హబ్సిగూడ మీదుగా ఉప్పల్ పోవాలి. మెట్రో స్తంభాల కోసం రోడ్డంతా తవ్వి పెట్టారు. ఆటో గుంతలో దిగినప్పుడల్లా మాస్టర్ ట్రేల మీద రెండు చేతులూ చాచి, వంగి కాపు కాసేవాడు, గుడ్ల మీద కోడిలాగ. ఆ మాట పైకి అన్నాను కూడా.

"ఇయ్యాల గుడ్డు మాటెత్తకు" అన్నాడు.

ఫంక్షన్ హాలులో పూలు, సన్నాయి, చల్లటి గాలి. క్యాటరింగాయన చెవిలో వైరు, నుదుటి మీద చెమట. దానికి కారణం పెళ్లికొడుకు బాబాయి. పట్టు పంచె, చేతిలో సెల్లు. పొద్దుటి నుంచీ వంటశాలలో ఆచారం కాపలా కాస్తున్నాడు. నెయ్యి ఏ ఊరిది, వంటవాళ్లు ఏవాళ్లు, నీళ్లు ఎవరు మోశారు, ఈ గరిటె అంతకుముందు ఏ ఇంట్లో తిరిగింది అని గరిటెను కూడా విచారించాడు. "మాంసం మా ఇంటా వంటా లేదు, ఆ వాసన పడితే మాకు వాంతులే" అని వచ్చినవాళ్లందరికీ చెప్పాడు, అడగనివాళ్లకు రెండుసార్లు.

ట్రేలు పెట్టేసి నేనూ మాస్టరూ గోడకు ఆనుకుని నిలబడ్డాం. వెయిటర్లు పళ్లాలు తిప్పడం మొదలుపెట్టారు. మొదటి వరసలో పెళ్లికొడుకు నాయనమ్మ, తెల్లచీర, నిండు నవ్వు, ఒక ముక్కోణం తీసుకుని కొరికింది. మాస్టర్ నా భుజం గిల్లాడు. రెండోది తీసుకుంది. మళ్లీ గిల్లాడు.

సరిగ్గా అప్పుడే పళ్లెం బాబాయి ముందుకు వచ్చింది. ఆయన చెయ్యి చాచాడు. చూశాడు. పాము మీద చెయ్యి పడ్డట్టు వెనక్కి లాగాడు.

"ఆగండి! ఎవరూ ముట్టుకోకండి! ఇది చికెన్ పఫ్!"

సన్నాయి ఆగిపోయింది. సన్నాయివాళ్లు ఆపలేదు, అది రికార్డు, ఎవరో స్విచ్ ఆపారు.

క్యాటరింగాయన పరుగెత్తుకొచ్చాడు. "సార్, ప్యూర్ వెజ్ సార్. పైనాపిల్ సార్!"

"పైనాపిల్లూ లేదు, పనసకాయా లేదు. ముక్కోణం కనబడట్లేదా? నలుపలకలైతే కర్రీ, పొడుగైతే ఎగ్గు, ముక్కోణమైతే చికెను! ఉప్పల్‌లో ఏ బేకరీకైనా వెళ్లి చూసుకో!"

అప్పుడు గుర్తొచ్చింది మాకు. మాస్టర్ గిల్లిన చెయ్యి నా భుజం మీదే ఉండిపోయింది. "ప్రభువా" అన్నాడు మెల్లగా. నాకు మాత్రం షటర్ కిందికి దిగిన చప్పుడు, దాని వెనక రీచార్జ్ షాపు ఫ్యాను తిరుగుతున్న చప్పుడు స్పష్టంగా వినిపించాయి.

హాలంతా చూశాను. గాలిలో ఆగిపోయిన చేతులు. పళ్లెం మీదికి వంగి బిగుసుకుపోయిన వేళ్లు. వేదిక మీద పెళ్లికొడుకు తన ముక్కోణాన్ని మెల్లగా పళ్లెంలో పెట్టేశాడు. పక్కనే పెళ్లికూతురు కూడా పెట్టేసింది. ఆమె తండ్రి, పెద్ద హోటల్లో తిన్న పెద్దమనిషి, తన చేతిలోదాన్ని జేబురుమాలు కింద దాస్తున్నాడు. పెళ్లి ఆగిపోతుందని ఎవరో ఆడమనిషి అప్పుడే ఏడవడానికి గొంతు సర్దుకుంటోంది.

ఆ నిశ్శబ్దంలో ఒకే ఒక చప్పుడు వినబడింది. కరకర. నాయనమ్మ మూడోది తింటోంది.

"అమ్మా! ఉమ్మెయ్యి!" అని బాబాయి పరుగెత్తాడు.

"ఎందుకు ఉమ్మాలిరా? బాగుంటేనూ."

"అది చికెన్ అమ్మా!"

"అనాసపండురా. నోట్లో తియ్యగా తగులుతోంది. చికెన్ తియ్యగా ఉంటుందా?"

"ఉండదమ్మా! దాని రుచే వేరు, అది..."

ఆగిపోయాడు. కానీ మాట ముందుకు వెళ్లిపోయింది.

నాయనమ్మ నమలడం ఆపింది. "ఎలా ఉంటుందిరా?"

"అంటే... అంటారు కదా... ఆఫీసులో పక్క సీటాయన తింటుంటాడు, చూశాను..."

"చూస్తే ఆకారం తెలుస్తుంది. ముక్కోణమని సరే. రుచి కూడా పక్క సీటాయనే చెప్పాడా?"

బాబాయి పట్టు పంచె సర్దుకున్నాడు. అది అప్పటికే సర్ది ఉంది.

నాయనమ్మ కళ్లజోడు పైకి తోసుకుని హాలంతా ఒకసారి కలియచూసింది. "నాకు ఎనభై ఏళ్లొచ్చాయి. ఈ ముక్కోణానికి అర్థముందని నాకిప్పటిదాకా తెలీదు. వాడు ముక్కోణమనగానే మీరంతా చేతులెందుకు వెనక్కి తీశారర్రా? మీ అందరికీ కూడా పక్క సీటాయనేనా?"

తమ్ముళ్లూ, జీవితంలో నేను చాలా పరీక్షలు రాశాను, కొన్ని పాసయ్యాను కూడా. కానీ అంత గట్టి పరీక్ష ఎక్కడా చూడలేదు. ఆ హాలులో ముక్కోణం చూసి భయపడ్డాడంటే వాడు దాని సంగతి తెలిసినవాడే. తెలియనివాడు ఏం చేస్తాడు? తింటాడు.

ముందుగా అర్థం చేసుకున్నది పెళ్లికూతురి తండ్రి. జేబురుమాలు కింది నుంచి తీసి గుటుక్కున మింగేశాడు. "నాకు ఈ ఆకారాల గొడవలేం తెలీవమ్మా" అన్నాడు నోటినిండా. ఇంకోటి తీసుకున్నాడు, అనుమానం మిగలకుండా. అంతే. పళ్లాల చుట్టూ జనం మూగారు. ఎవరు ఎన్ని తింటే అంత నిష్ఠ. ఒక పెద్దాయన రెండు చేతులా తిన్నాడు. ఒకావిడ వాళ్లాయన నోట్లో తనే పెట్టింది, నలుగురికీ కనబడేలా. బాబాయి అయితే వరసగా నాలుగు తిన్నాడు, ఒక్కొక్కటి పైకెత్తి చూపించి మరీ.

వేదిక మీద పెళ్లికూతురు ముక్కోణం వైపు చూసి, పెళ్లికొడుకు వైపు చూసింది. అతనూ చూశాడు. ఇద్దరి మధ్యా ఒక చిన్న నవ్వు నడిచింది. పెళ్లిచూపుల్లో అడగలేని ప్రశ్న ఒకటి అప్పుడు అడిగారు, జవాబు కూడా చెప్పుకున్నారు. ఆ తర్వాత ఇద్దరూ బుద్ధిగా చెరో ముక్కోణం తిన్నారు. ఇందులో ప్రేమ ఉందని మీరనుకోవచ్చు. ఆకలి కూడా అయ్యుండొచ్చు, ముహూర్తం ఆలస్యమైంది.

విచిత్రం ఏమిటంటే, సొన పూసిన పఫ్‌లు ఇన్నేళ్లు అమ్మితే మమ్మల్ని ఎవరూ పట్టుకోలేదు. పాలు పూసిన రోజునే చికెన్ అని పట్టుకున్నారు. నిజాయితీగా ఉండాలనుకునేవాళ్లకు నా సలహా: ఉండండి, కానీ ఆకారం కూడా చూసుకోండి.

క్యాటరింగాయన మా దగ్గరికి వచ్చాడు. ఏం జరిగిందో ఆయనకు సగమే అర్థమైంది, ఫోన్లో ఉన్నాడు. "మాస్టర్, ఏమన్నా జేసినవా! పది నిమిషాల్ల ఖాళీ!" అని భుజం తట్టి వెళ్లిపోయాడు.

మాస్టర్ నవ్వలేదు. ఆయన రెండో ట్రే వైపు చూస్తున్నాడు. జామకాయ నలుపలకలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. నలుపలక తింటే నిష్ఠ రుజువు కాదు, తినకపోతే పాపం రాదు. ఆ హాలులో వాటి అవసరం ఎవరికీ లేకపోయింది.

"నా జామకాయ ఒక్కడు ముట్టలే" అన్నాడు తిరుగు ప్రయాణంలో.

"షటర్ నిలబడేలా ఉంది మాస్టర్, అది చూడండి."

"షటర్ ఫికర్ సేటు వడ్తడు. జామకాయ ఫికర్ ఎవరు వడ్తరు?"

హబ్సిగూడ గుంతల దగ్గర ఆటో ఆగిపోతే ట్రే మధ్యలో పెట్టుకుని, మేమిద్దరం, ఆటో డ్రైవరు, పక్క ఆటో డ్రైవరు కలిసి ఆ ఫికర్ సంగతి చూశాం. చల్లారినా బాగున్నాయి. పక్క ఆటో డ్రైవరు ఇంకా ఉన్నాయా అని అడిగాడు. మాస్టర్ ఆ మాటను చాలాకాలం చెప్పుకున్నాడు. కొన్నాళ్లకు ఆ డ్రైవరు కథలో పెద్ద ఆఫీసరయ్యాడు.

బేకరీలో పండగ జరిగింది. సేటు అందరికీ టీ చెప్పాడు, ఆ రోజు రాష్ట్రం విడిపోలేదు. "ముక్కోణం మన ట్రేడ్‌మార్కు" అన్నాడు. బోర్డు మీద ముక్కోణం గీయిద్దామన్నాడు.

"బోర్డు మీద ముక్కోణం జూస్తె ఫ్యామిలీ ప్లానింగ్ దవాఖానా అనుకుంటరు" అంది అక్క. ఆ ప్రతిపాదన అక్కడితో ఆగింది.

కానీ క్యాటరింగాయన రాలేదు. వారం పోయింది, ఇంకో వారం పోయింది. ఫోన్ చేస్తే "అన్నా, లైన్ల ఉండు" అనేవాడు, సేటు లైన్లోనే ఉండేవాడు, ఆయన ఉండేవాడు కాదు. బాబాయి గొడవ చివరికి ఆయన చెవిన పడి ఉంటుందనీ, మనల్ని వదిలేశాడనీ తేల్చుకున్నాం. నెల గడువు దగ్గరికొచ్చింది. ఒక పొద్దున బామ్మర్ది టేపు తెచ్చి గోడలు కొలవడం మొదలుపెట్టాడు. భట్టీ తీసేస్తే ఎంత చోటు వస్తుందని మాస్టర్‌నే అడిగాడు, టేపు రెండో కొస పట్టుకోమని కూడా అన్నాడు. మాస్టర్ పట్టుకున్నాడు. జోకు వేద్దామని నోరు తెరిచి నేను మూసుకున్నాను.

టేపు ఇంకా అలా సాగదీసి ఉండగానే క్యాటరింగాయన గుమ్మంలో దిగాడు.

"అన్నా, మీ పఫ్‌లు మస్తుగున్నయి" అన్నాడు.

మాస్టర్ టేపు వదిలేశాడు. అది జర్రున వెళ్లి బామ్మర్ది వేలికి తగిలింది.

"గని నాకు గవి వద్దు" అన్నాడు క్యాటరింగాయన.

సేటు గొంతు తగ్గించి, "ఆ చికెన్ గొడవ గురించేనా బాబూ?" అన్నాడు.

"ఏ చికెను?" అన్నాడాయన. నిజంగానే తెలియదు. మేం రెండు వారాలుగా నిద్రపోకుండా మోసిన అవమానం ఆయన చెవి వైరు దాటి లోపలికే పోలేదు. "గట్లాంటిది మళ్లెవరు అడగలే అన్నా, గంతే. పావ్ జేస్తరా మీరు?"

"పావా?"

"పావ్ భాజీ స్టాల్ లేకుంటె ఇప్పుడు ఫంక్షనే గాదంటున్నరు. నాకు పావ్ తెచ్చేటోడు సికింద్రాబాద్ కెళ్లి తెస్తుండు. మెట్రో గుంతలల్ల చిక్కి భోజనాలు అయినంక వస్తుండు. మీది నాచారం, దగ్గర."

అంతే. రుచి కాదు, మడత కాదు, మెరుపు కాదు. దగ్గర. బామ్మర్ది వేలు నోట్లో పెట్టుకుని, టేపు జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఏఎస్ రావు నగర్‌లో ఏదో మెట్ల కింద చోటు దొరికిందట. మాస్టర్ ఆ రోజు నుంచి పావ్ చేశాడు. మడత లేదు, పొర లేదు, కళ లేదు. "ఇది పిండి గాదు, ఉద్యోగం" అనేవాడు. తెలంగాణ వచ్చాక కూడా ఆ భట్టీ ముందే నిలబడి అదే మాట అన్నాడు. సేటు కూడా ఎక్కడికీ పోలేదు.

మొదట్లో చెప్పిన అనుభవసారం ఇంతే: పావ్ బన్నులు భట్టీలోంచి తీశాక పూర్తిగా చల్లారనిచ్చి కవర్లో పెట్టాలి. వేడి మీద కడితే లోపల చెమ్మ పట్టి బూజు వస్తుంది.